సూదంటురాయి

లోహమన్నది ఏదీ ఒంటిమీద ఉండకూడదంటే
ఇర్యా కల్లియొనెన్ చెవిపోగులు తీసింది.
పెళ్ళి ఉంగరం సబ్బు రాసి లాగింది.
బెల్టు విప్పి, ప్యాంటు జారకుండా
ఒక చేత్తో పట్టుకుని నిలబడింది.
జేబులోంచి ఆఖరున
వల అల్లే సూది.
"ఇది కొయ్యది. దీన్ని మీ రాయి ఏం చేస్తుంది?"
ఉంచుకోమన్నాను.

మాల్కమ్ ద్వీపం నుంచి
రెండు పడవలు, ఒక రాత్రి బస్సు మారి
వాంకూవర్ వానలోకి దిగిన మనిషి.
యాభై ఏళ్ళు సాల్మన్ వలల చిరుగులు పూడ్చిన వేళ్ళు
ఇప్పుడు టీ కప్పును
సాసరు మీద గంటలా మోగిస్తాయి.

నా పని చిన్నది.
ఎనిమిది అంకెలా మెలిపడ్డ తీగచుట్టను
ఆమె నుదుటికి పైన, ఎడమవైపు,
నేను పెన్సిలుతో పెట్టిన చుక్క మీద
కదలకుండా పట్టుకోవడం.
అద్దం వెనక ఎవరో మీట నొక్కుతారు.
టక్ టక్ టక్ టక్
రేకుల కప్పు మీద వడగళ్ళు.
తీగలో పుట్టిన కరెంటు
అయస్కాంతమై ఎముక దాటి
లోపల మళ్ళీ కరెంటవుతుందట.
తనలోంచి ఎవరు నడిచిపోయారో
పుర్రెకు తెలియదు.

తట్టేది పైన. డోపమైన్ చెమ్మగిల్లేది అడుగున,
తోక ఉన్న ఒక చిన్న ముద్దలో.
మేడమీద తలుపు కొడితే
నేలమాళిగలో ఎవరో లేచి దీపం వెలిగించినట్టు
అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.
వెలిగించరు. ఆర్పుతారు.

మా లెక్క తిరకాసు అక్కడే ఉంది.
తెల్లారకముందే సైక్లోట్రాన్‌లో వండిన మందు
ఇరవై నిమిషాలకోసారి సగం చస్తుంది.
పరుగున తెచ్చి నరంలోకి ఎక్కిస్తే
డోపమైన్ కూర్చోవలసిన కుర్చీల్లో కూర్చుని
తెరమీద పచ్చగా వెలుగుతుంది.
అసలువాడు వస్తే లేచిపోతుంది.
అందుకని మాకు
చీకటి పడితేనే చుట్టం వచ్చినట్టు.

ఆ రోజు చీకటి పడింది.
ఇర్యా లేచి కూర్చుని
సూదికి దారం చుట్టింది.
ఏడు ముడులు వేసింది. ఎనిమిదోది జారింది.
ఫిన్నిష్‌లో తిట్టింది.
ఆ తిట్టులో కూడా ఏదో పాత బిగువు.
సాయంత్రానికి కప్పు మళ్ళీ మోగింది.

మార్చిలో డాక్టర్ తలేబీ కవర్లు చించింది.
ఆమెకు పెట్టింది ఉత్త చుట్ట.
చప్పుడు తప్ప అందులో ఏమీ లేదు.
నేను గంటసేపు నిటారుగా పట్టుకున్నది
నాకే తెలియని అబద్ధం.
నిజం చుట్ట పెట్టినవాళ్ళలోనూ
కొందరికి చీకటి పడింది. అది వేరే కాగితం.
సూదిని అంటవలసిన రాయి
ఆ గదిలోకి రానే లేదు.
సూది మాత్రం కదిలింది.

ప్రతి ఒక్కరికీ చెప్పాలన్నది నియమం.
ఫోను చేశాను.
అవతల కెటిల్ ఈల, తర్వాత ఈల ఆగడం.
"మరి లోపల కూర్చున్నదెవరు?"
"మీ డోపమైనే. అసలుదే."
కాసేపు ఏమీ అనలేదు.
"వల ఇంకా నీళ్ళలో ఉండగానే
తాడు చుట్టే మర చప్పుడు విని
సీగల్స్ పడవమీద మూగుతాయి.
చేప పడిందో లేదో వాటికేం తెలుసు?
కానీ వాటి రెక్కలు నిజమే కదా."

ఆపైన, కొంచెం సిగ్గుగా,
ఆ చప్పుడు టేపు చేసి పంపగలవా అంది.
నియమాలు ఒప్పుకోవన్నాను.
ఒప్పుకోవు.
ఫోను పెట్టెయ్యబోతూ ఎందుకో
పెన్సిలుతో బల్ల అంచున కొట్టాను
టక్ టక్ టక్
ఇటు నేను పెట్టెయ్యలేదు.
అటు, చాలాసేపు, కప్పు మోగలేదు.